రెస్టుకు పోయిన బావ

రావల్కోల్‌లో బావ అంటే వరస కాదు, హోదా. సిమెంటు, సలాక దుకాణం ఒకటి, దాని పక్కనే ప్లాట్ల బేరం, చొక్కా జేబులో రెండు ఫోన్లు, చేతిలో మూడోది ఉంటే ఆ మనిషి ఊరందరికీ బావే. మేడ్చల్ మండలంలో ఏ ఊరికి పోయినా ఇలాంటి బావ ఒకడు దొరుకుతాడు. శామీర్‌పేట వైపు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు, అక్కడ వెంచర్లు ఎక్కువ. నేను చెప్పేది రెస్టు తీసుకోవడానికి థాయిలాండు పోయిన బావ గురించి.

టికెట్టు ఆయన కొనలేదు. ఇన్ని టన్నుల మాలు ఎత్తితే థాయిలాండు, ఇంకొంచెం ఎత్తితే దుబాయి అని కంపెనీలు డీలర్లకు స్కీము పెడతాయి. సిమెంటువాళ్లే కాదు, రంగులవాళ్లు, విత్తనాలవాళ్లు, పురుగుమందులవాళ్లు, అందరిదీ ఇదే పద్ధతి. ఏడాది లెక్క మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఫిబ్రవరి నుంచే బావ కళ్లు ఊళ్లోవాళ్ల గోడల మీద పడతాయి. పలకరింపే మారిపోతుంది. బాగున్నవా అని అడగడు. “ప్రహరీ ఎప్పుడు కడుతున్నవే తమ్మీ? ఎండకాలంల కడితె గోడ ఉక్కులెక్క అయితది” అంటాడు. ఆ రెండు నెలల్లో మా వాడకట్టులో ఎవరికీ అక్కర్లేని ప్రహరీలు లేచాయి. కుక్క కూడా దూకగలిగేంత ఎత్తులో ఒకాయన గోడ కట్టుకున్నాడు, బావ మాట కాదనలేక. బర్లు అమ్మేసిన ఇంట్లో బర్లకొట్టానికి గచ్చు పడింది. బ్యాంకాకు విమానంలో బావ కూర్చున్న సీటు కింద మా ఊరి గోడలు అన్నీ ఉన్నాయి.

నిజానికి తెలంగాణలో విదేశం పోవడమంటే పనికి పోవడమే. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి గల్ఫుకు పోయినవాళ్లు ఎండలో ఇటుకలు మోయడానికి పోయారు. పిల్లలు అమెరికా పోతే చదువుకు, ఆ తర్వాత కొలువుకు. తల్లిదండ్రులు ఆరు నెలలు పోయేది బిడ్డ కాన్పుకు, మనవడి డైపర్లకు. అదీ డ్యూటీయే. ఏ పనీ లేకుండా నాలుగు రోజులు కూర్చోవడానికి దేశం దాటడమన్నది కొత్త విద్య. దానికి 2023 నవంబరులో థాయిలాండు మనవాళ్లకు వీసా అక్కర్లేదని చెప్పడం తోడైంది. అంతే, డీలర్లు బస్సులకు బస్సులు దిగారు.

మా దారికి యాత్రల చరిత్ర లేకపోలేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు దాటి, మా పక్క నుంచే పోయే నాగపూర్ బాట పట్టినవాడే. పెద్ద పరివారాన్ని వెంటేసుకుని పోతూ, చూసినవన్నీ రాసి స్నేహితుడికి పంపుతూ పోయాడు. బావ కూడా అంతే, గంటకో స్టేటస్. కాకపోతే వీరాస్వామయ్య బియ్యం ధర రాసినచోట మా బావ గజం ధర పెడతాడు.

సాగనంపడానికి శంషాబాదు దాకా మూడు కార్లు పోయాయి. ఔటర్ రింగురోడ్డు ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు, టోలు ఖర్చు బావదే. అంతకు రెండు రోజుల ముందే ఊరి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. “థాయిలాండ్ పర్యటనకు విచ్చేయుచున్న మా ప్రియతమ బావగారికి శుభాకాంక్షలు” అని. విచ్చేయడమా, వెళ్లడమా అన్నది ఎవరూ పట్టించుకోలేదు. బావ ఫొటో నిలువెత్తు, కింద పదిహేనుమంది తమ్ముళ్ల తలకాయలు గుండీలంత. సూట్‌కేసులో బట్టలకన్నా సకినాలే ఎక్కువని తూకం వేసినప్పుడు బయటపడింది. మామిడికాయ తొక్కు సీసా దారిలో కారితే ఎట్లా అని బావ వాళ్ల అత్తమ్మ దాన్ని నాలుగు కవర్లలో చుట్టి, పైన ఆయన కొత్త టీషర్టు చుట్టింది. టీషర్టు గతి చెప్పక్కర్లేదు.

అక్కడ గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. బావ తన వాచీ మార్చలేదు. “నేను మారను, కావాలంటె వాళ్లనే మార్చుకోమను” అన్నాడట. తొమ్మిదికి బస్సు అంటే రావల్కోల్ తొమ్మిదికి కిందికి దిగేవాడు. అప్పటికి అక్కడ పదిన్నర. బస్సునిండా డీలర్లు, ఏసీలో ఉండీ చెమటలు కక్కుతూ ఎదురుచూపులు. సువర్ణభూమి విమానాశ్రయంలో దేవతలూ రాక్షసులూ పాలసముద్రాన్ని చిలికే పెద్ద శిల్పం ఉంది. బావ దాని ముందు ఫొటో దిగి, “రెండు పార్టీలు, నడుమ తాడు, లిటిగేషన్ భూమి” అని రాసి గ్రూపులో పెట్టాడు. ఆ ఒక్కటి మాత్రం నాకు నచ్చింది.

పటాయా బ్యాంకాకుకు రోడ్డు మీద రెండు గంటల దారి. అక్కడి నుంచి కోరల్ ఐలాండుకు స్పీడ్ బోటు. నీళ్లలో తడవకుండా ఫోనును ప్లాస్టిక్ సంచిలో వేసి మెళ్లో తగిలించుకునే సదుపాయం ఉండటమే బావకు ఆ దీవిలో నచ్చిన వింత. మొలలోతు నీళ్లలో, ట్యూబు మీద వెల్లకిలా తేలుతూ ఆయన చేసిన విశ్రాంతి ఇదీ:

“ఆఁ, చెప్పురా. లారీ వచ్చిందా? దింపకు. ముందుగాల బిల్లు చూపియ్యమను. నేనా? సముద్రంల ఉన్న. అరే, మీటింగుల కాదురా, నిజంగనే సముద్రంల ఉన్న. ఆ మూడో వరుస బస్తాల మీద తాటిపత్రి కప్పిండ్రా లేదా?”

ఒడ్డుకొచ్చి గొడుగు కింద పడక కుర్చీలో వాలాడు. వాలి కళ్లు మూసుకుని ఉంటే ఈ వ్యాసమే లేదు. కుర్చీ కిరాయెంత, వరుసకెన్ని కుర్చీలు, వరుసలెన్ని, రోజుకెన్నిసార్లు తిరుగుతాయి అని ఆ కుర్చీల ఆవిడను వేళ్లతో, సైగలతో అడిగి లెక్క తీశాడు. తర్వాత గైడును పట్టుకున్నాడు. అక్కడ భూమిని ‘రాయ్’లలో కొలుస్తారు. ఒక రాయ్ 1,600 చదరపు మీటర్లు. బావ ఫోనులో నొక్కి 1,913 గజాలు, అంటే పదహారు గుంటలకు పిసరంత తక్కువ అని క్షణంలో తేల్చాడు. ఆ గైడు తన పుట్టిన దేశపు భూమిని గుంటల్లో వినడం అదే మొదలై ఉంటుంది. విదేశీయులకు భూమి కొనే వీలు లేదని, అపార్ట్‌మెంట్లలో మాత్రం ఒక్కో భవనంలో 49 శాతం విస్తీర్ణం దాకా వాళ్ల పేర్ల మీద ఉండొచ్చని పాపం అతను ఓపికగా చెప్పాడు. బావ నవ్వి భుజం తట్టాడు. “అట్లనే అంటరే తమ్మీ. భూముల సీలింగు వచ్చినప్పుడు మా తాన గూడ అట్లనే అన్నరు.”

థాయి మసాజును యునెస్కో 2019లో మానవజాతి సాంస్కృతిక వారసత్వాల్లో చేర్చింది. ప్యాకేజీలో రెండు గంటలు అదీ ఉంది. ఆ రెండు గంటల గురించి బావ చెప్పింది ఒక్క ముక్కే: “పైసలు కంపెనీయి, తన్నులు నాయి.”

ఆయన నిజంగా సుఖపడింది మూడోనాడు. హోటలు వెనక సందులో ఏదో భవనానికి స్లాబు పడింది. మిగతావాళ్లు పూలతోట చూడటానికి బస్సెక్కితే బావ తలనొప్పి అని ఆగిపోయి అక్కడికి చేరాడు. ఏనుగు బొమ్మ ఉన్న ఖాళీ సంచి నేల మీద కనిపించింది. 1913లో అక్కడి రాజు ఆజ్ఞతో పుట్టిన కంపెనీదట ఆ ఏనుగు. బావ గొంతుకూర్చుని, సంచి దులిపి, అడుగున మిగిలిన పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు. మెత్తదనం నచ్చింది. సలాకల నడుమ ఎడం జానతో కొలిచాడు. నిన్న పోసిన మెట్ల మీద నీళ్లు లేవు, కాంక్రీటు తెల్లబారుతోంది. ఆ మాట ఆయనకు వచ్చిన ఏ భాషలోనూ వాళ్లకు చెప్పలేడు. అందుకని తన చేతిలోని మంచినీళ్ల సీసా మూత తీసి మొదటి మెట్టు మీద పోశాడు. కూలీలు నవ్వారు. ఒకడు పైపు తెచ్చి చేతికిచ్చాడు. తర్వాత గంటన్నరసేపు పటాయాలో ఒక మెట్లవరసకు రావల్కోల్ బావ క్యూరింగు చేశాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఒక్క ఫోనూ ఎత్తకుండా. మేస్త్రీ తీసిన ఫొటోలో ఆయన ముఖం చూశాను. సముద్రం ఫొటోల్లో ఆ ముఖం లేదు.

ఆశ్చర్యపోనక్కర్లేదు. బావ తండ్రిది ద్రాక్షతోట. మేడ్చల్ చుట్టుపక్కలంతా అనాబ్-ఎ-షాహీ పందిళ్లున్న కాలంలో, పని లేని పూట కూడా ఆ మనిషి పందిరి కిందే తిరిగేవాడు, రాలిన ఆకులు ఏరుతూ. తోటలు పోయి ప్లాట్లయ్యాయి. ఆ పందిళ్ల రాతి కడీలే చాలాచోట్ల ఇప్పుడు ప్లాట్లకు హద్దురాళ్లు. తండ్రికి తోటలో దొరికిన తీరిక కొడుక్కి సిమెంటులో దొరుకుతోంది. నన్నడిగితే కంపెనీవాళ్లు సముద్రం బదులు ఏదైనా సిమెంటు ఫ్యాక్టరీకి తీసుకుపోయి నాలుగు రోజులు వదిలేస్తే ఖర్చూ తగ్గేది, బావకు సంతోషమూ మిగిలేది.

తిరిగొచ్చాక వాడకట్టులో ఇంటింటికీ ఆకుపచ్చ బామ్ సీసా ఒకటి, తీపి చింతపండు పొట్లం ఒకటి పంచాడు. ఇంటెనక మూడు చింతచెట్లున్న మా పెద్దమ్మ ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు. చాయ్ హోటల్లో మాత్రం రోజూ సభే. సముద్రం ఎట్లుందని అడిగితే బోటు కిరాయి చెబుతాడు. గుడి ఎట్లుందంటే గ్రానైటు చదరపు అడుగెంతో చెబుతాడు. మనసు తేలికపడ్డదా బావా అంటే, “పడకేం? ఫుల్ రెస్టు. మనిషన్నోడు ఏడాదికోసారి పోవాలె” అంటూ ఫోనెత్తుతాడు.

ఈ ఏడు స్కీము దుబాయి. టార్గెటు పెరిగింది, వానలు ఎక్కువై అమ్మకాలు తగ్గాయి, బావ ముఖం వాడింది. రావల్కోల్, మేడ్చల్, శామీర్‌పేట వైపు గోడ గానీ గచ్చు గానీ కట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఆ పనేదో మార్చి 31లోపు కానివ్వండి. బిల్లు బావ పేరు మీద తీసుకోండి.