శనికి ఫ్లాష్ కొట్టినవాడు

టెలిస్కోపు క్యూలో ఫోన్ టార్చి వేసుకుని నిలబడేవాళ్లకి ఏ శిక్ష వెయ్యాలా అని కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. ఇంకా తెమల్లేదు.

మా పేటలో ఖగోళం పిచ్చి ఉన్న కొందరు శనివారాలు మేడమీద ఆకాశం చూపిస్తారు. ముందు ఉపన్యాసం, తర్వాత దర్శనం. చీకటికి కన్ను అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుందని మొదటే చెబుతారు. అందరూ బుద్ధిగా తలూపుతారు, మెట్లెక్కగానే టార్చీలు వేస్తారు. లైటుకి ఎర్రకాగితం చుట్టుకున్న కుర్రాడు "అమ్మా, ఆపండమ్మా" అని బతిమాలుతూ తిరుగుతుంటాడు.

మొన్న నా ముందాయన ఫోను టెలిస్కోపుకి ఆనించి నొక్కాడు. ఫ్లాష్! శని మీదికి! ఆ వెలుగు అక్కడికి చేరాలంటే గంటకు పైనే పడుతుంది. ఆయన ఈలోగా ఇంటికెళ్లి భోంచేసి ఉంటాడు. నా కళ్లు మాత్రం అక్కడే పోయాయి.

శని అంటే గుర్తొచ్చింది. నా వెనకావిడ "శనిని తిన్నగా చూడొచ్చా నాయనా?" అనడిగింది. న్యాయమైన ప్రశ్నే. గుళ్లో ఎవరం ఎదురుగా నిలబడం, పక్కనుంచే దణ్ణం పెడతాం. "అద్దంలోంచే కదాండీ, పర్లేదు" అన్నాడు కుర్రాడు. అంతకుముందు ఉపన్యాసంలో ఒకాయన లేచి, "మాది కుంభం, ఎప్పుడు వదులుతుంది?" అన్నాడు. మేష్టారు విసుక్కోలేదు. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నరేళ్లు. పన్నెండు రాశులకి పంచితే తలా రెండున్నర. మూడు రాశులకి ఏడున్నర. అదే మీ ఏలినాటి శని అన్నారు. హాలు హాలంతా చప్పట్లు! కృష్ణబిలాల గురించి ఆయన గంటసేపు చెప్పినా ఒక్క చప్పట్లేదు. ఇంతకీ వెనకావిడ ఊరుకోలేదు, టెలిస్కోపు దగ్గర నువ్వులనూనె దీపం పెట్టొచ్చా అంది. అదీ వెలుతురే!

నా వంతు వచ్చేసరికి వలయం సన్నగా గీతలా ఉంది. 2025 మార్చిలో అది మనకి అంచువైపు తిరిగి దాదాపు మాయమైంది, ఇప్పుడిప్పుడే మళ్లీ విచ్చుకుంటోంది. "ఫొటోలో ఇలా లేదే!" అని ముందాయన కుర్రాడితో దెబ్బలాట. 1612లో గెలీలియోకీ ఇదే తంటా వచ్చింది, దెబ్బలాడ్డానికి పాపం కుర్రాడు లేడు.

అయినా ఒక్క ఫోనుని తిట్టి ఏం లాభం? 1901లో జఫర్ జంగ్ నవాబు పదిహేను అంగుళాల టెలిస్కోపు తెప్పించి హైదరాబాదులోనే వేధశాల పెట్టాడు. అప్పుడు ఊళ్లో చీకటి ఉండేది. తర్వాత ఉస్మానియా వాళ్లు నలభై ఎనిమిది అంగుళాలది పెట్టడానికి ఊరు దాటి రంగాపూర్ దాకా పోవాల్సొచ్చింది. ఊరి వెలుతురు అక్కడికీ బయల్దేరింది. మొన్న ఒక పిల్లాడు పాలపుంత ఏదని అడిగితే కుర్రాడు పైకి చూపించలేదు. ఊరవతలికి చెయ్యి చూపించాడు.

వచ్చే శనివారం మబ్బు పట్టకపోతే మళ్లీ ఉంది. టిక్కెట్టు లేదు. తప్పక రండి. ఫోను మాత్రం కింద చెప్పుల దగ్గర వదిలి రండి.