తోడు శబ్దార్థ చంద్రిక

మూలం: "గిన్నె కదపకండి. పాలు తోడుకుంటున్నాయి."

అవతారిక: రాత్రి పది గంటలకు ఫ్రిజ్ తలుపు మీద చీటీ రూపంలో వెలసిన ఈ సూత్రానికి కర్త్రి మా ఆవిడ. ఇంట్లో ఉన్నది ఇద్దరమే గనుక ఇందలి బహువచనం గౌరవార్థకం కాదు, హెచ్చరికార్థకం.

ప్రతిపదార్థం: గిన్నె = మూత సరిగా పట్టని స్టీలు గిన్నెను; కదపకండి = మూత ఎత్తి వేలు పెట్టి చూడకుడు; పాలు = కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు; తోడుకుంటున్నాయి = చెంచాడు నిన్నటి పెరుగు కలియుటచే గట్టిపడుచున్నవి. 'వేలు' మూలంలో లేదు. పూర్వచరిత్రను బట్టి అధ్యాహారం.

వ్యాఖ్య: 'తోడు' శ్లేష. పాలలో వేసే పెరుగూ తోడే, వెంట నడిచే మనిషీ తోడే. ఈ రెండర్థాలూ సూక్ష్మదర్శినిలో ఒక్కచోట కనబడతాయి. పెరుగు చుక్కను గాజు పలక మీద పలచగా రాసి రంగు పట్టించి చూస్తే కొన్ని పుల్లల్లా ఉంటాయి, అవి లాక్టోబాసిల్లస్. కొన్ని పూసల దండల్లా ఉంటాయి, అవి స్ట్రెప్టోకాకస్. ఒక్కో పూస సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దండకు దారం లేదు. ప్రతి పూసా ఒకే దిశలో రెండుగా చీలుతుంది, చీలాక విడిపోదు. అంతే రహస్యం. అన్ని దిక్కులా చీలే స్టాఫిలోకాకస్ ద్రాక్షగుత్తి అవుతుంది.

పూర్వపక్షం: "నా వేలిలోదీ కణమే, ఇదీ కణమే. భేదమేమి?"

సిద్ధాంతం: వేలి కణం దీనికి పది, ఇరవై రెట్లు పొడుగు. (పైతోలువి చచ్చిన కణాలు, లెక్కలోకి రావు.) మన కణం గదులున్న ఇల్లు. డీఎన్ఏకు కేంద్రకమనే గది, మైటోకాండ్రియా అనే వంటిల్లు. ప్రహరీ మాత్రం లేదు. బాక్టీరియాది తిరగేసిన వాస్తు. లోపల ఒకటే గది, అందులోనే చివరలు కలిసిన తాడులా ముడుచుకుని పడి ఉండే డీఎన్ఏ, చుట్టూ పెప్టిడోగ్లైకాన్ గోడ. పుల్లను పుల్లగా నిలబెట్టేది ఆ గోడే. అది ఊడితే పుల్ల కాస్తా ఉండ అయి కూర్చుంటుంది. పెన్సిలిన్ చెడగొట్టేది ఈ గోడ కట్టుబడినే. గోడే లేని మన కణాలకు ఆ దెబ్బ తగలదు.

విశేషం: పైన వంటిల్లన్న మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు బయట తిరిగిన బాక్టీరియానేననీ, ఏదో ప్రాచీన కణం దాన్ని లోపలికి తీసుకుని ఉంచేసుకుందనీ 1967లో లిన్ మార్గులిస్ వాదించారు. దానికి నేటికీ సొంత డీఎన్ఏ ఉంది. కనుక గిన్నెలోనే కాదు, నా వేలిలోనూ తోడు పడే ఉంది. ఈ వాదం మా ఆవిడకు వినిపించాను. ముందు వేలు తియ్యమంది.

తాత్పర్యం: పుల్లలూ పూసలూ పాలలోని లాక్టోజును లాక్టిక్ ఆమ్లం చేస్తాయి. పీహెచ్ 4.6 దాకా దిగేసరికి కేసిన్ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుతాయి. అల్లిక మధ్యలో కదిపితే వల తెగి నీళ్ళు తేలతాయి.

ఫలశ్రుతి: చీటీని పాటించినవారికి తెల్లవారుజామున గడ్డపెరుగు సిద్ధించును. వ్యాఖ్యానం రాస్తూ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం మరచినవారికి మధ్యాహ్నం మజ్జిగ పులుసు.