ఆదివారం దొరలు

కడవెండి మా దేవరుప్పుల మండలంలోనిదే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు నేలకొరిగింది అక్కడే. ఆ పోరాటం లేచింది వెట్టి మీద. దొర తింటాడు, ఎంగిలి విస్తరి ఇంకొకడు ఎత్తాలి. దొర ప్రయాణం కడతాడు, మూట ఇంకొకడు మోయాలి. ఎనభై ఏండ్ల కింద పోయిందనుకున్న ఆ పద్ధతి, ఆదివారం పొద్దున జనగామ మీదుగా వరంగల్, పరకాల దాటి రేగొండ దిక్కు దూసుకుపోయే కార్లలో మళ్లీ కనిపిస్తోంది. పోలేదు, గడి వదిలి అడవిలో మకాం పెట్టింది.

కొత్త దొరను దొర అంటే కోపమొస్తుంది. ఆయన 'ప్రకృతి ప్రేమికుడు'. ఆ బిరుదు ఎవరూ ఇయ్యలేదు, ఆయనే పెట్టుకున్నాడు. పాత దొరలూ అంతే లెండి.

భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టకు ఈయన ట్రెక్కింగ్‌కు పోతాడు. అది ఇసుకరాతి గుట్ట. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుట్ట, తుపాకి గుండు, మేఘాల తొండ అని ఒక్కో బండకూ ఒక్కో పేరుంది. ఆదిమానవుడు వేసిన రంగుల బొమ్మలున్నాయి. పరిశోధకుల లెక్కలోకి అవి 1990లో గానీ ఎక్కలేదు. వేల ఏండ్లు ఎండకూ వానకూ తట్టుకున్న బొమ్మకు మన ప్రేమికుడి సెల్‌ఫోన్ కెమెరా ముందు పరీక్ష మొదలవుతుంది. రంగు తేలడం లేదని సీసాలో నీళ్లు దాని మీద చల్లుతాడు. తడిసిన క్షణం బొమ్మ మెరుస్తుంది, ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. ఆ తడి ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకి తేలి రంగును పొరలు పొరలుగా లేపుతుంది. అప్పటికి ఈయన హనుమకొండలో బిర్యానీ దగ్గరుంటాడు. ఇక పేర్లు చెక్కే కళ సంగతి వేరే చెప్పాలా! పాండవుల గుట్ట బొమ్మల్లో విల్లంబులున్నాయి. మనవాడు ఏ గుట్టెక్కినా బాణం గీయక మానడు, కాకపోతే గుండెకాయ నడుమ నుంచి, ఆయిల్ పెయింట్‌తో.

'నిశ్శబ్దం వినడానికి వచ్చాం' అని వీడియో పెడతాడు. వెనక స్పీకర్ మోగుతుంటే ఆ నిశ్శబ్దం మనకు సరిగ్గా వినపడదు. కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు పంచుతూ ఇంకో వీడియో. 2015లో హరితహారం మొదలైనప్పుడు కోతుల్ని వాపస్ అడవికి పంపుదామని సర్కారే నినాదమిచ్చింది. ఈయన రోడ్డు పక్క లంగరు పెట్టి వాటిని వాపస్ రప్పిస్తున్నాడు. సోమవారం మక్కచేను పాయె అని మొత్తుకునే రైతు ఈయన మేనమామే కావచ్చు.

చట్టం లేదా అంటే, ఉంది. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు 1952-53 నాటివి, అంటే చట్టం కన్నా పెద్దవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోవద్దంటుంది, చెత్త వేయొద్దని కూడా అందులోనే ఉంది. నిప్పు పెట్టొద్దని 30వ సెక్షన్. చికెన్ కాల్చుకునే మన ప్రేమికుడికి మాత్రం సెక్షన్లన్నీ ఇంకెవరి కోసమో రాసినట్టు తోస్తాయి. గేటు దగ్గర వాచర్ ఆపితే, "అన్నా, అయిదే నిమిషాలు, ఇట్ల పోయి అట్లొస్తం." ఇంకా ఆపితే, "మాదెవ్వలనుకుంటున్నవ్? ఫోన్ చేయమంటవా?" "చేయుండ్రి సారూ, నా నౌకరే పోతది" అని ఆ చాలీచాలని జీతగాడు పక్కకు జరుగుతాడు. తర్వాతి పొద్దున సంచి పట్టుకుని ఖాళీ సీసాలు ఏరేదీ అతడే. ఆ పనికి కూలి ఎవరిస్తున్నారో చెబితే, వెట్టి అన్న నా మాట వెనక్కి తీసుకుంటాను.

అన్నిటికన్నా ముద్దొచ్చే మాట 'ఎవరికీ తెలియని జలపాతం'. దాని కింద లొకేషన్ కూడా పెడతారు. ఎవరికీ అంటే ఎవరికి? చుట్టూ ఉన్న కోయ గూడేల వాళ్లకు అది తాతలనాటి నుంచి తెలుసు. వానకాలం ఆ దిక్కు పోవద్దనీ తెలుసు, ఎందుకంటే అక్కడ రీళ్ల కంటే ముందు వాగులున్నాయి.

2023 జులై 26 సంగతి గుర్తుందా? అది ఆదివారం కూడా కాదు, బుధవారం. వారం నుంచి ముసురు, పైనుంచి హెచ్చరికలు. ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యంధార జలపాతానికి పోయిన 80 మందికి పైగా పర్యాటకుల తిరుగుదారిని వాగు మింగింది. 100కు ఫోన్ కొట్టారు. పోలీసులు, ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది రాత్రంతా ఆ అడవిలో, ఆ వానలో తంటాలు పడి వాళ్లను బయటికి తెచ్చారు. అందరూ బతికారు, సంతోషం. ఆ రాత్రి గడిచేసరికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లు, రాష్ట్రంలోనే రికార్డు. తెల్లారి మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే జనం మిద్దెలెక్కి నిలబడ్డారు, సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కొండాయిలో జంపన్నవాగు మనుషులనే ఎత్తుకుపోయింది. మోరంచపల్లి వాళ్లు వాగు దగ్గరికి పోలేదు, వాగే వాళ్లింటికొచ్చింది. ఈ పర్యాటకులు వాగు దగ్గరికి పోయి, దారి లేదని ఫిర్యాదు చేశారు. పడవలు, తాళ్లు, మనుషులు అన్నీ కరువైన అట్లాంటి పూట ఎవరి పిలుపు ముందు అందుకోవాలో తేల్చే పాపాన్ని ప్రకృతి ప్రేమికుడు మంచి మనసుతో అధికారుల నెత్తిన పెట్టాడు.

"అట్లయితే అడవికి పోనే వద్దంటవా? టూరిజం పెరిగితే ఊళ్లు బాగుపడయా?" అంటారు. పొమ్మనే అంటాను. పాండవుల గుట్టలో అటవీశాఖే రాక్ క్లైంబింగ్ పెట్టింది, పద్ధతిగా ఎక్కండి. అడిగి పోండి, ఉన్న బాటనే నడవండి, ఊరి మనిషిని దారి చూపమని తోలుకపోయి ఆయన కూలి ఆయనకివ్వండి. వాగు మీద మబ్బు కమ్మితే జలపాతాన్ని మర్నాటికి వదిలేయండి, అది ఎక్కడికీ పోదు. (మేడారం జాతర ప్లాస్టిక్ గురించి ఎందుకు రాయవని అడగకండి. ఒక్క వారానికి ఇంతమంది పగవాళ్లు చాలు.)

ఒక్క అనుమానం మాత్రం నాకు తీరడం లేదు. దేవరుప్పుల చౌరస్తాలో బయలుదేరేటప్పుడు డిక్కీలో రెండు కేసుల నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు, చిప్స్ పాకెట్లు, గిన్నెలు, స్పీకర్, అన్నీ పడతాయి. నిండు సీసాలు పట్టిన డిక్కీలో, నలిపితే పిడికెడంత కూడా కాని ఖాళీ సీసాలకు వాపస్ వచ్చేటప్పుడు జాగ ఎందుకు ఉండదో, ట్రెక్కింగ్ తెలిసిన పెద్దలెవరైనా లెక్క గట్టి చెప్పాలి.