మాదాపూర్ రుజువు

మా బావమరిదికి టైం మెషీన్ కావాలి. డైనోసార్లను చూడాలనో, రాయలవారి కొలువులో కూర్చోవాలనో కాదు. 1992లో ఒక ఆదివారం మధ్యాహ్నానికి వెళ్ళి, నా నోరు మూసి రావాలని.

ఆ ఆదివారం సంగతి ముందు చెప్పాలి. అప్పట్లో నాకు హైదరాబాదులో ఉద్యోగం, చిక్కడపల్లిలో అద్దె ఇల్లు. వాడు పొలం మీద వచ్చిన నాలుగు డబ్బులు సంచిలో పెట్టుకుని ఊరి నుంచి వచ్చాడు. మాదాపూర్‌లో మూడొందల గజాల ప్లాటు ఉందని ఎవరో చెప్పారట. నా స్కూటరు మీద ఇద్దరం బయల్దేరాం. రోడ్డు అయిపోయాక కూడా చాలాసేపు వెళ్ళాం. చివరికి ఒక బండరాయి అడ్డం వచ్చి స్కూటరు ఆగింది. చుట్టూ రాళ్ళు, రాళ్ళ మధ్య తుమ్మచెట్లు, తుమ్మచెట్ల మధ్య మేకలు. ఆ మేకలు కూడా దారి తప్పి వచ్చినట్టే కనిపించాయి. ఆసామి సున్నం గీతలు చూపించి "ఇదే మీ ప్లాటు" అన్నాడు. బావమరిది నా మొహంలోకి చూశాడు. కుటుంబంలో రోజూ పేపరు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తీర్పు నాదే. "ఒరేయ్, ఇక్కడ నక్కలు కాపురం చేస్తాయి గానీ మనుషులు చేస్తారట్రా?" అన్నాను.

ఆ డబ్బుతో వాడు సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొన్నాడు. 1998 నవంబరులో ఆ నక్కల దిక్కునే సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరిచారు. కొన్నాళ్ళకి ట్రాక్టరు పాత ఇనుము కింద తూకానికి వెళ్ళింది. ఇప్పుడక్కడ గజం ఎంతో ఇక్కడ రాయను. డాక్టరు నన్ను ఉప్పూ, ఈ లెక్కలూ తగ్గించమన్నాడు. మా ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా, పాయసం తర్వాత వడ్డించేది మాత్రం నక్కల మాటే.

మొదట్లో కాలయంత్రాలతో ఇబ్బంది లేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' వచ్చింది. వాడు నాలుగుసార్లు చూశాడు. అయినా అందులోని యంత్రం నిజమని ఒక్కసారీ అనుకోలేదు. సింగీతం గారు టిక్కెట్టు డబ్బులు తీసుకున్నా, సినిమా అని చెప్పే తీసుకున్నారు. ఆట అయ్యాక మన కాలంలోనే, మన సైకిల్ స్టాండు దగ్గరే దింపేశారు. చిక్కంతా వాడి చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చాక మొదలైంది. నెలకోసారి తెల్లవారుజామున ఫోను: "బావా, కనిపెట్టేశారట!"

మొదట పరిచయం చేసింది జాన్ టైటర్‌ని. ఈ పేరుతో ఒకాయన 2000 చివర్లో ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమై, తాను 2036 నుంచి వచ్చిన అమెరికా సైనికుణ్ణన్నాడు. 1975 నాటి ఐబీఎం 5100 కంప్యూటరు పట్టుకెళ్ళడానికి వచ్చాడట, పనిలో పనిగా మన కాలంలో దిగాడట. కాలాన్ని చీల్చుకుని రాగలిగినవాళ్ళకి పాత మోడల్ సామాను దొరకలేదన్న ముక్క మాత్రం నేను నమ్మాను. మా మిక్సీ జారు కోసం నేను తిరిగిన తిరుగుడు అలాంటిది. అమెరికాలో అంతర్యుద్ధం వస్తుందన్నాడు, రాలేదు. 2015లో అణుయుద్ధం అన్నాడు. ఆ ఏడు 'బాహుబలి' వచ్చింది, యుద్ధమంతా తెర మీదే అయిపోయింది. మాట తప్పితే ఏం చెప్పాలో కూడా ఆయన ముందే సర్దిపెట్టుకున్నాడు: తానొచ్చిన లోకం వేరు, మన లోకం వేరు, రెంటికీ కాస్త తేడా ఉంటుందని. మా ఊరి జాతకాలాయనా ఇంతే. చెప్పింది జరక్కపోతే "పుట్టిన టైము రెండు నిమిషాలు అటూ ఇటూ రాసుకున్నారండీ" అంటాడు.

తర్వాత 2013 నాటి వార్త. టెహ్రాన్‌లో అలీ రజేగీ అనే యువకుడు కంప్యూటరు డబ్బా అంత పెట్టె తయారు చేశానన్నాడు. అది మనిషిని ఎక్కడికీ తీసుకెళ్ళదు, భవిష్యత్తునే మన దగ్గరికి తెస్తుంది. వచ్చే అయిదు నుంచి ఎనిమిదేళ్ళలో మనకేం జరుగుతుందో 98 శాతం కచ్చితంగా చెబుతుందట. ఆ 98లోనే ఉంది పనితనం! నూరు అంటే ఎవరూ నమ్మరు. పాలవాడు కూడా నీళ్ళు అస్సలు కలపనని అనడు, "మరీ అంత కలపనండీ" అంటాడు. ఏదీ, పెట్టె చూపించవయ్యా అంటే, చూపిస్తే చైనావాళ్ళు కాపీ కొట్టి రాత్రికి రాత్రి లక్షల్లో దించేస్తారన్నాడు. చైనావాడు కొట్టేస్తాడో లేదో ఆ పెట్టెనే అడగొచ్చు కదా అని నా సందేహం. కాసేపటికి ఆ వార్త ఇచ్చిన ఏజెన్సీ వార్తనే తీసేసింది. గతాన్ని మార్చడం ఇంతవరకూ సాధ్యపడిందంటే అక్కడ మాత్రమే.

2024లో మన దేశం కూడా రంగంలోకి దిగింది. కాన్పూర్‌లో ఒక జంట ఇజ్రాయెల్ నుంచి టైం మెషీన్ తెప్పించామని, అందులో ఆక్సిజన్ పట్టించి అరవై ఏళ్ళవాళ్ళను పాతికేళ్ళవాళ్ళుగా చేస్తామని చెప్పి, సుమారు 35 కోట్లు వసూలు చేశారని పోలీసు కేసు. ఈ వార్త వచ్చేనాటికి బావమరిదికి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. అందుకని కేసు సంగతి ఉన్న చివరి పేరా చదవకుండా, మొదటి పేరా మాత్రమే నాకు చదివి వినిపించాడు. ఫిర్యాదులే నిజమైతే ఆ యంత్రం ఒక రకంగా పనిచేసినట్టే: ముసలివాళ్ళ వెనకటి కష్టార్జితం నేరుగా ఇంకొకరి భవిష్యత్తులోకి వెళ్ళిపోయింది.

ఇవన్నీ వింటుంటే నాకు మా ఊరి కిరాణా కొట్టు గుర్తొస్తుంది. తక్కెడ పైన అట్టముక్క మీద "అప్పు రేపు" అని రాసి ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని అక్షరాలా నమ్మి మర్నాడు మళ్ళీ వెళ్ళాను. కొట్టు తాతగారు మాట్లాడకుండా వేలితో అట్టముక్క చూపించారు. అదే అట్ట, అదే రేపు. కాలయంత్రాల వాళ్ళంతా ఆ అట్టముక్క కిందే కొట్టు పెట్టుకున్నారు. యంత్రం ఉంది, కానీ చూపించేది రేపు.

ఇలా ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే వాడు ఒకరోజు రోషపడ్డాడు. "ఇవి దొంగవే అనుకో. ఎప్పటికీ రాదని రుజువేంటి?" అన్నాడు. నా దగ్గర రుజువుంది. దాని పేరు మాదాపూర్.

"ఒరేయ్, ఇవాళ కాకపోతే వెయ్యేళ్ళకైనా టైం మెషీన్ వస్తుందనుకుందాం. తెలుగువాడు దాన్ని ఎక్కితే ముందు ఎక్కడికి వెళ్తాడు? కురుక్షేత్రానికా? తొంభైల నాటి మాదాపూర్‌కి! ఇక్కడి నుంచీ, అమెరికా నుంచీ, ఇంకా పుట్టని తరాల నుంచీ జనం సంచుల్లో డబ్బుతో దిగి ఉండాలి. ఆ బండల మీద క్యూ కట్టి ఉండాలి, గజం ధర ఆ పూటే ఆకాశానికి అంటి ఉండాలి. మనం వెళ్ళినప్పుడు ఎవరున్నారక్కడ? మేకలు! పైగా నా నోరు మూయడానికి ఒక్కడైనా రాలేదు. నువ్వే రాలేదు. కాబట్టి టైం మెషీన్ ఎప్పటికీ రాదు."

ఈ సిద్ధాంతాన్ని నాకంటే ఖరీదుగా పరీక్షించినవాడు స్టీఫెన్ హాకింగ్. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో కాలప్రయాణికులకు విందు ఏర్పాటు చేశాడు. బెలూన్లు కట్టించాడు, షాంపేన్ పెట్టించాడు. ఆహ్వానం మాత్రం విందు అయిపోయాకే బయటపెట్టాడు. భవిష్యత్తు నుంచి రాగలిగినవాళ్ళకే ఆ కబురు అందాలని. ఒక్కరూ రాలేదు. మనవైపు శుభలేఖ ఆలస్యంగా అందితే చుట్టాలు అలిగి మానేస్తారు. కాలప్రయాణికులకు ఆ సాకు కూడా లేదు.

బావమరిది నెల రోజులు కనపడలేదు. వచ్చేటప్పుడు జవాబు పట్టుకునే వచ్చాడు. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మాలెట్ అని, భౌతికశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసినాయన. పదేళ్ళ వయసులో, 1955లో, తండ్రి గుండెపోటుతో పోతే, ఆయన్ని మళ్ళీ చూడాలని కాలయంత్రం మీదే జీవితమంతా పెట్టాడు. లేజర్ కాంతిని గుండ్రంగా తిప్పితే కాలం కూడా మెలితిరుగుతుందని ఆయన లెక్క. "ఆయన చెప్పేదేంటంటే బావా, యంత్రం మొదటిసారి స్విచ్ వేసిన రోజు కన్నా వెనక్కి ఎవరూ వెళ్ళలేరు. అందుకే మాదాపూర్‌కి ఎవరూ రాలేదు. నీ రుజువు చెల్లదు!"

నిజమే, చెల్లదు. ఆ లేజరు లెక్క కుదరదని తోటి శాస్త్రవేత్తలు పేపర్లు రాశారనుకోండి. అయినా తండ్రి కోసం లెక్కలు వేసిన మనిషి మీద జోకు వెయ్యడానికి నాకు నోరు రాలేదు. పైగా తన సిద్ధాంతం ప్రకారమే తాను తండ్రిని చూడలేనని ఒప్పుకున్నాడు కూడా. అందుకని బావమరిదితో ఒక్కటే అన్నాను: "అయితే మెషీన్ వచ్చినా నీ ప్లాటు రాదు కదరా." వాడు కుర్చీలో కూలబడ్డాడు. గెలిచిన వాదంలో ఇంత నష్టం ఉంటుందని వాడికి తెలియదు.

వాణ్ణి ఓదార్చడానికి అసలు జరిగిన కాలప్రయాణాల గురించి చెప్పాను. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు నాలుగు అణుగడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. గడియారాలకు టిక్కెట్లు కూడా 'మిస్టర్ క్లాక్' పేరుతో కొన్నారు. తూర్పుకి వెళ్ళినప్పుడు నేల మీది గడియారం కంటే 59 నానోసెకన్లు వెనకపడ్డాయి, పడమరకి వెళ్ళినప్పుడు 273 నానోసెకన్లు ముందుకెళ్ళాయి. నానోసెకనంటే సెకనులో వందకోట్లో వంతు. రష్యా వ్యోమగామి గెన్నడీ పదల్కా మొత్తం 879 రోజులు అంతరిక్షంలో ఉండి, మనందరికంటే సుమారు సెకనులో యాభయ్యో వంతు భవిష్యత్తులోకి జరిగాడు. దాదాపు రెండేళ్ళ అయిదు నెలలు ఇల్లు వదిలితే వచ్చిన లాభం రెప్పపాటు కూడా లేదు. జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. అది సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే దారి పది కిలోమీటర్లు తప్పుతుంది. మన ఫోను సందు సందూ సరిగ్గా చెబుతోందంటే కాలం నిజంగా వంగుతుందనే అర్థం. కాకపోతే ప్లాటు కొనేంత వంగదు.

2011లో ఇంకో తమాషా జరిగింది. స్విట్జర్లాండ్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ కొండ కిందికి పంపిన న్యూట్రినోలనే కణాలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని ఒపెరా ప్రయోగం లెక్క తేల్చింది. అదే నిజమైతే నిన్నటికి ఉత్తరం రాయొచ్చు. ఆ శాస్త్రవేత్తలు మాత్రం చంకలు గుద్దుకోలేదు. నెలల తరబడి తప్పు వెతికి, దొరక్క, మీరూ వెతికి పెట్టండని లోకాన్ని అడిగారు. చివరికి దొరికింది: ఒక కేబుల్ సరిగ్గా బిగించలేదు! సీరియల్ మధ్యలో టీవీ ఆగిపోతే మా అమ్మ చెప్పేదీ అదే, "ముందు వెనకాల వైరు చూడరా" అని. అప్పటి నుంచీ నాకొక కొలబద్ద దొరికింది. అబద్ధం ఏళ్ళ లెక్కన వస్తుంది, నిజం నానోసెకన్లలో వస్తుంది. అబద్ధం పెట్టె మూత తియ్యనివ్వదు, నిజం వైరు చూడమంటుంది.

పక్కనే వత్తులు చేసుకుంటున్న అమ్మ అంతా విని, "భాగవతంలో రైవతుడి కథ ఇదే కదరా" అంది. కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని రైవతుడు పిల్లను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ పాట కచేరీ జరుగుతుంటే అయ్యేదాకా ఆగాడు. తర్వాత అడిగితే బ్రహ్మ నవ్వి, "నువ్విక్కడ ఉండగానే కింద ఇరవయ్యేడు మహాయుగాలు గడిచిపోయాయి" అన్నాడు. బావమరిది ఎగిరి గంతేశాడు. "చూశావా బావా! మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు!"

"నాకదంతా తెలీదు నాయనా," అంది అమ్మ. "ఆయన తిరిగొచ్చేసరికి తను అనుకున్న వరులు లేరు, వాళ్ళ మనవలు కూడా లేరు. నువ్వు ప్లాటు కోసం వెళ్ళొస్తానంటున్నావు. వచ్చేసరికి మా అమ్మాయి... అదే, మీ ఆవిడ ఉండొద్దూ?"

ఆ దెబ్బతో వాడు గతాన్ని వదిలేశాడు. పోయిన నెలలో కారేసుకుని వచ్చి, "పద బావా, చిన్న పని" అన్నాడు. ఫోను చెప్పిన దారినే వెళ్ళాం. రోడ్డు అయిపోయాక కూడా చాలాసేపు వెళ్ళాం. చివరికి ఒక బండరాయి అడ్డం వచ్చి కారు ఆగింది. చుట్టూ రాళ్ళు, రాళ్ళ మధ్య తుమ్మచెట్లు, తుమ్మచెట్ల మధ్య మేకలు. ఒక కుర్రాడు రంగుల బ్రోచరు చేతిలో పెట్టి, పదేళ్ళలో ఇక్కడేం వస్తుందో బొమ్మల్లో చూపించాడు. మేడలు, ఈతకొలను, పరుగెత్తే కుక్కపిల్ల. అన్నిటి కిందా చీమ తలకాయంత అక్షరాల్లో 'ఊహాచిత్రం' అని ఉంది.

బావమరిది నా మొహంలోకి చూశాడు. "ఏమంటావ్ బావా?"

నేను చుట్టూ ఒకసారి చూశాను. ఆ తుమ్మచెట్ల వెనక నుంచి ఎవరైనా చేతులూపుతూ పరుగెత్తుకొస్తారేమోనని కాసేపు ఆగాను. ఒక మేక వచ్చింది, నా చేతిలోని బ్రోచరు వాసన చూసింది, వెళ్ళిపోయింది. ఇంకెవరూ రాలేదు.

నేను నోరు తెరిచాను.