రోడ్డెక్కిన ర్యాంపు

మా కొత్త ఇంటికీ రోడ్డుకీ మధ్య మూడడుగుల ఎత్తుంది. ఇది అవసరం కొద్దీ వచ్చిన ఎత్తు కాదు, పక్కింటాయన వల్ల వచ్చింది. ఆయన బేస్‌మెంటు రెండున్నర అడుగులు లేపాడు. మనం అరడుగైనా ఎక్కువ లేకపోతే ఆయన వాన నీళ్లన్నీ మనింట్లోకే అని మా ఆవిడ, ఆయన పక్కన మనిల్లు గుంటలో కూర్చున్నట్టుంటుందని మా బావమరిది పోటీలు పడి చెప్పారు. లేపాం. గృహప్రవేశం రోజు ఆవు సైతం మెట్లెక్కి లోపలికొచ్చింది. కారుకే ఆ తెలివి లేదు.

ర్యాంపు కోసం ఇంజినీరును పిలిస్తే కాగితం మీద లెక్క వేశాడు. కారుకు ఎనిమిదికి ఒకటి వాలు ఉండాలి, అంటే ఒక అడుగు ఎక్కడానికి ఎనిమిదడుగుల పొడవు. మూడడుగులకు ఇరవై నాలుగు. మరి పోర్టికో ముందు మేం వదిలిన జాగా ఐదడుగులు. మిగతా పంతొమ్మిది ఎక్కడ అన్నాను. ఆయన పెన్ను క్యాపు మూసి రోడ్డు వంక చూశాడు.

నేనూ చూశాను. ముప్పై అడుగుల రోడ్డు. ఎదురింటాయన బేస్‌మెంటూ మూడడుగులే, ముందు జాగా ఐదడుగులే. ఆయనకూ పంతొమ్మిది కావాలి. వెరసి ముప్పై ఎనిమిది. రెండు ర్యాంపులూ రోడ్డు నడిమధ్యన, నేలకు అరడుగు ఎత్తున కలుసుకుంటాయి. స్పీడ్ బ్రేకరే పది సెంటీమీటర్లుంటే చాలంటారు, ఇది పదిహేను. ఆయన కారు ఆయన పోర్టికోలోంచి దిగి, రోడ్డును ముట్టుకోకుండానే మా పోర్టికోలోకి ఎక్కొచ్చు. రాకపోకలు పెరుగుతాయి కానీ రోడ్డు మీద కాదు.

పోనీ ఉన్న ఐదడుగుల్లోనే కట్టేద్దామా? అది నూటికి అరవై వాలు. ప్రపంచంలోకెల్లా నిటారు వీధి న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్లో ఉంది, పేరు బాల్డ్విన్ స్ట్రీట్. నూటికి 34.8. 2019లో వేల్స్‌లోని ఓ వీధి ఆ రికార్డు లాక్కుంటే, డునెడిన్ వాళ్లు కొలతలు మళ్లీ తీయించి 2020లో వెనక్కి తెచ్చుకున్నారు. పాపం, మా పోర్టికో సంగతి వాళ్లకు తెలీదు.

ఇంతలో వాస్తు సిద్ధాంతిగారు వచ్చారు. మాది తూర్పు ముఖం, గేటు ఈశాన్యంలో ఉంది. ఈశాన్యం పల్లంగా ఉండాలి, అక్కడ మెరక కడితే యజమానికి మంచిది కాదన్నారు. యజమాని అంటే నేనే. కాసేపు కళ్లు మూసుకుని ఆయనే పరిహారం చెప్పారు: గేటు బయట ఉన్నది ఇంటి వాస్తులోకి రాదట. మెరక బయట కట్టుకుంటే దోషం మున్సిపాలిటీకి పోతుంది. మున్సిపాలిటీ పరిస్థితి చూస్తే మా కాలనీలో చాలామంది ఈ సలహా పాటించినట్టే ఉంది.

మా మేస్త్రీది పాలమూరు. ఈ శాస్త్రాలన్నీ బీడీ కాలుస్తూ విన్నాడు.

"గంత పరేషాన్ ఎందుకు సార్? గేటు కాడికెళ్లి బయటికి వొంపుదం. మోరీ మీద బండ ఏస్తే అయిపాయె."

"అది రోడ్డయ్యా!"

"రోడ్డు ఎవ్వలిది సార్?"

"అందరిదీ."

"మరి మీరు అందర్ల లేరా?"

నేను అందరిలో ఉన్నాను కాబట్టి గేటు బయట ఆరడుగులకు ఒప్పుకున్నాను. లోపల ఐదు, బయట ఆరు, మొత్తం పదకొండు. బాల్డ్విన్ స్ట్రీట్ కంటే కాస్త నయం. ఎదురింటాయనది బయట ఎనిమిదడుగులు, గ్రానైటు, అటూ ఇటూ క్రోటన్ మొక్కలు. ఆయన మా కాలనీ సంక్షేమ సంఘం ప్రెసిడెంటు. పోయిన మీటింగులో 'ఫుట్‌పాత్‌ల ఆక్రమణ' అనే అంశం మీద గంటసేపు ఆవేదన చెందారు. ఫుట్‌పాత్ ఎక్కడుందో మాత్రం ఎవరూ అడగలేదు. అది ఆయన మొక్కల కింద ఉంది.

మోరీ మీద బండ పడ్డాక మోరీలోకి నీళ్లు దిగే దారి పోయింది. నీరు పల్లమెరుగు కనక రోడ్డెక్కింది. రోడ్డు కొట్టుకుపోయింది. పోయిన రోడ్డు మీద కొత్త రోడ్డు వేశారు. పాత పొర గీకేసి వేయాలని ఇంజినీర్లకు తెలుసు, కాంట్రాక్టరుకూ తెలుసు. కానీ గీకితే ఖర్చు, పరిస్తే బిల్లు.

మా మేనమామ పాత కాలనీలో 1994లో ఇల్లు కట్టాడు. అప్పట్లో మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్తున్నాం. ఇల్లు కుంగలేదు, మెట్లు అరగలేదు. ముప్పై ఏళ్లుగా రోడ్డు ఒక్కో పొరా వేసుకుంటూ ఆయన కిటికీ వైపు ఎదుగుతోంది. ఆ ఇంటి ర్యాంపు కూడా ఉంది, ఇప్పుడు లోపలికి వాలింది. వాన పడితే కారు కంటే ముందు మోరీ నీళ్లు పార్కింగు చేసుకుంటాయి.

ఇది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. మామయ్యగారి లెక్కన ఏడాదికి అంగుళం. నాకు కావలసింది ముప్పై ఆరంగుళాలు. నాకిప్పుడు యాభై నాలుగు. తొంభయ్యో ఏట రోడ్డే పోర్టికో దాకా వచ్చి నన్ను పలకరిస్తుంది.

అప్పటిదాకా కారు రోడ్డు మీదే, ర్యాంపు పాదాల దగ్గర పడుంటుంది. ఎక్కించి చూశాం. పై అంచు దగ్గర కడుపు గీసుకుని అరిచిన అరుపుకు ప్రెసిడెంటుగారి మనవడు నిద్ర లేచాడు. మొదటి నాలుగడుగులూ చివరి నాలుగడుగులూ వాలు సగానికి తగ్గించాలని ఇంజినీరు అప్పుడే చెప్పాడు. అలా తగ్గిస్తే మధ్యలో మిగిలేది మూడడుగులు, అది గోడ.

ర్యాంపు వృథా కాలేదు. తూర్పు ఎండ బాగా తగులుతుంది, నీళ్లు నిలవవు, మా ఆవిడ వడియాలు పెడుతోంది. నిన్న మేస్త్రీ ఫోన్ చేశాడు. ప్రెసిడెంటుగారు ర్యాంపు ఇంకో రెండడుగులు బయటికి జరుపుతున్నారట, వాళ్ల ముందు జాగా లేదు, ఇసుక మా ర్యాంపు మీద పోసుకోవచ్చా అని.

వడియాలు ఎండాక రమ్మన్నాను.