బావగారి తెడ్డు

తప్పు నాది కాదు. ఈ ముక్క ఎక్కడైనా అచ్చులో ఉండాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. ఇద్దరు కూర్చునే కయాక్‌లో పడవని తిప్పేది వెనక కూర్చున్నవాడు. ముందువాడి పని తెడ్డు ఒక వరసలో వేసుకుంటూ పోవడం, అంతే. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అందాకా పడవ ఎడమకి పోయి చెట్టుకొమ్మల్లో దూరినా, కుడికి పోయి పాడిల్‌బోర్డు మీద నిలబడ్డ పెద్దావిణ్ణి గుద్దబోయినా, వెనకనుంచి ఒకటే కేక: "ఏవోయ్, సరిగ్గా వెయ్యవోయ్!"

ఆ కేక మా బావగారిది. ఎప్పుడూ వెనకే కూర్చునేదీ ఆయనే.

బావగారిది కోనసీమ. ఇంటి వెనక కాలవ, ఊరు దాటితే గోదావరి పాయ. కానీ చిన్నప్పుడు ఎవరో జాతకం చూసి నీళ్లగండం ఉందన్నారట. దాంతో వాళ్లమ్మగారు కాలవగట్టు మీదకి కూడా పోనిచ్చేవారు కాదు. అవతలి లంకలో పెళ్లంటే అందరూ పడవెక్కేవారు, ఈయన మామ్మ దగ్గర అప్పడాలు నంచుకుంటూ ఇంట్లో ఉండేవారు. అలాంటి మనిషి నలభై నాలుగో ఏట, అమెరికాలో, ఆస్టిన్ ఊళ్లో, గ్యారేజీ ఉన్న ఇల్లు కొన్న వేసవిలోనే పన్నెండడుగుల నారింజరంగు కయాక్ కొన్నారు. కారు టెక్సాస్ ఎండలోకి వచ్చింది. కయాక్ నీడకి చేరింది.

ఈ జాతి మనుషులు మీకూ తెలిసే ఉంటారు. కెమెరా కొన్నా, సైకిలు కొన్నా, ముందు దాని చరిత్ర. తర్వాత దాని సామాన్లు. తీరికుంటే చివర్న దాన్ని వాడటం. "కయాక్ అంటే ఏవనుకున్నావ్? ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌ల వేటపడవ. కట్టెలూ ఎముకలూ చట్రం బిగించి, మీద సీలు తోలు కప్పేవాళ్లు. మనిషి ఒంటి కొలతలు తీసి, చొక్కా కుట్టినట్టు ఎవడి పడవ వాడికి కట్టేవాళ్లు" అని బావగారు మొదలెడితే, మా అక్క కాఫీ ఇస్తూ "మీకలా కడితే ఏడాదికోసారి వదులు చెయ్యాలి" అంటుంది.

ఇక సామాన్లు. 230 సెంటీమీటర్ల తెడ్డు, అది విరిగితే ఇంకో తెడ్డు, నీళ్లు తోడే పంపు, ఈల, ఎండని ఆపే చొక్కా, తడిసినా ఆరే బూట్లు, తడవకూడనివి పెట్టుకునే డ్రై బ్యాగ్. తెడ్డు ఖరీదు విన్న రోజున అక్క ఒక్కటే మాటంది. "నా వంటింట్లోనూ ఉందిరా తెడ్డు. పదిహేనేళ్లలో ఒక్కరోజు దాన్ని పట్టుకున్నారేమో అడుగు."

శనివారం పొద్దున్న ఆరింటికి పడవని కారు మీదకి ఎక్కించడం ఒక పెళ్లివారి ప్రయాణం. డెబ్బై పౌన్ల పైమాటే. పట్టీలు బిగించి, విప్పి, మళ్లీ బిగించి, పడవని అటూ ఇటూ ఊపి, కారు కదిలిందని నిర్ధారించుకుని బయల్దేరేసరికి ఏడున్నర. హైవే ఎక్కగానే గాలికి ఆ పట్టీలు కప్పు మీద తంబురా మొదలెడతాయి. పట్టీని ఒక్క మెలి తిప్పి కడితే ఆ మోత ఉండదు. ఈ కిటుకు నాకు చెప్పింది బావగారే. ఆయన మాత్రం మెలి వెయ్యరు. "మోత వినపడుతోందంటే పడవ ఇంకా పైనే ఉందని లెక్క."

మేం వెళ్లేది లేడీ బర్డ్ లేక్. పేరుకి సరస్సు గానీ, 1960లో కొలరాడో నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నిలిపిన నీళ్లు. మొదట టౌన్ లేక్ అనేవారు. 2007లో ప్రెసిడెంట్ జాన్సన్ గారి భార్య పేరు పెట్టారు. "గ్రాండ్ కేనియన్‌లో ఉన్న కొలరాడో వేరు, ఇది వేరు" అని బావగారు వారం వారం చెబుతారు. కొత్తవాళ్లెవరూ దొరక్కపోతే బాతులకి చెబుతారు. అక్కడ పెట్రోలు ఇంజన్లు నిషేధం కనక నీళ్లమీద ఆయన గొంతు చాలా దూరం పోతుంది.

ఈత కూడా నిషేధం. ఇది బావగారి పాలిట వరం. ఒకసారి ఒడ్డు దగ్గర దిగబోతూ ఇద్దరం బోల్తా పడ్డాం. ఆయన లైఫ్ జాకెట్ మీద తాబేలులా వెల్లకిలా తేలుతూ, "రూల్సు ఒప్పుకోవోయ్, లేకపోతే ఈదేవాణ్ణే" అన్నారు. నేను లేచి నించున్నాను. నీళ్లు నడుం దాకా ఉన్నాయి.

పొద్దుటి తొమ్మిదింటికి, అంటే ఇండియాలో రాత్రి ఏడున్నరకి, వాళ్లమ్మగారి వీడియో కాల్ వస్తుంది. ఎనభై దాటిన మనిషి, ఎత్తకపోతే కంగారుపడతారు. బావగారు తెడ్డు ఒళ్లో పెట్టుకుని, లైఫ్ జాకెట్ కనపడకుండా ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుంటారు.

"ఎక్కడున్నావురా?"

"గుళ్లో ఉన్నానమ్మా."

"వెనక ఆ నీళ్లేవిటి?"

"కోనేరమ్మా."

ఆవిడ అక్కణ్ణుంచే చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంటారు. చేసేది లేక నేనూ పెట్టుకుంటాను.

మా గొడవ ముదిరింది శాన్ మార్కోస్ నది దగ్గర. ఆస్టిన్‌కి దక్షిణంగా ముప్పై మైళ్లు. ఊటల్లోంచి పుట్టే నీళ్లు కనక ఎండాకాలమైనా చలికాలమైనా 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పారే నది కాబట్టి రెండు కార్లు కావాలి: ఒకటి దిగువన దిగే రేవులో వదిలి, రెండోదాంట్లో పడవతో ఎగువకి వెళ్లాలి. నా కారు కింద పెట్టాం. "తాళాలు నాకియ్యి, నువ్వు నీళ్లలో పడేస్తావ్. డ్రై బ్యాగ్‌లో వేస్తాను" అన్నారు బావగారు.

ఆ నది ఎగువన నీళ్లలోపల పచ్చగా, పొడుగ్గా, ప్రవాహానికి జుట్టులా ఊగే గడ్డి ఉంటుంది. టెక్సాస్ వైల్డ్ రైస్. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు, అంతరించిపోతుందని చట్టం పెట్టి కాపాడుతున్నారు. చరిత్ర చెబుతారని చెవులు సిద్ధం చేసుకున్నాను. బావగారు తెడ్డు పైకెత్తేశారు. "వరేనోయ్" అన్నారు, అంతే. పడవ దానంతటదే పోతోంది. వెనకనుంచి కేక లేదు, ఇన్యూట్‌లు లేరు. అయిదు నిమిషాలు గడిచాక భయమేసి వెనక్కి తిరిగాను. ఆయన చెయ్యి నీళ్లలో వేలాడేసి కూర్చున్నారు, కాలవగట్టు మీదకి ఎవరూ చూడకుండా వచ్చిన కుర్రాడిలా. అప్పటిదాకా ఉన్న కోపం ఆ క్షణాన పోయింది.

రెండు గంటల తర్వాత తిరిగొచ్చింది. రేవులో దిగి డ్రై బ్యాగ్ విప్పితే అందులో అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా ఉంది. ఒక్క మెతుకు తడవలేదు. నా కారు తాళాలు ఎగువన ఆయన కారులో, కాఫీ కప్పు పెట్టుకునే గుంటలో ఉన్నాయి. నా కారు పక్కనే నేల మీద కూర్చుని పులిహోర తిన్నాం. చివరికి ఒక పెద్దాయన జాలిపడి పికప్ ట్రక్కులో ఎక్కించుకున్నాడు. దారిపొడుగునా బావగారు ఆయనకి సీలు తోలు సంగతి చెప్పారు. మమ్మల్ని దింపాక ఆయన వెళ్లిన వేగం నేనెప్పటికీ మర్చిపోలేను.

ఆ రాత్రే వెతికి, తిప్పాల్సింది వెనకవాడేనని తెలుసుకున్నాను. మరుసటి శనివారం "ఇవాళ వెనక నేను కూర్చుంటా" అన్నాను. బావగారు కిక్కురుమనకుండా ముందుకెళ్లి కూర్చున్నారు. పడవ నేరుగా ఎడమకి పోయి కొమ్మల్లో దూరింది. ఆయన జుట్టులోంచి ఆకులు తీసుకుంటూ నెమ్మదిగా అన్నారు: "పడవ తిప్పేది వెనకవాడోయ్. ఆమాత్రం తెలీదా?"

ఆ కసితోనే నేనూ ఒకటి కొనుక్కున్నాను. ఒక్కడు పట్టేది. పట్టీలకి మెలి వేస్తాను, మోత రాదు. అయినా హైవే మీద రెండు నిమిషాలకోసారి కిటికీలోంచి మెడ బయటికి పెట్టి పడవ ఉందో లేదో చూసుకుంటాను. మొన్న మా ఆవిడ నా గ్యారేజీలో తెడ్లు లెక్కపెట్టింది. మూడున్నాయి.

పోయిన శనివారం రెండు కార్లూ పక్కపక్కన ఆపి పడవలు దింపబోతుంటే, కొత్తగా ఊళ్లోకొచ్చిన తెలుగు కుర్రాడొకడు ఆగి, "అన్నా, ఇది ఎంత బరువుంటుంది?" అనడిగాడు. బావగారు మడతకుర్చీ తెరిచారు. నేను రెండోది తెరిచి వాడికి వేశాను. బావగారు దాహం వేసి నీళ్లు తాగడానికి ఆగినప్పుడు, "సీలు తోలు" అని అందించింది నేనే. లేచి చూసేసరికి పదకొండున్నర. ఎండ మాడ్చేస్తోంది. ఆ రోజు పడవలు దింపలేదు.