నాబ్ ఎక్కడరా?

మా రోజుల్లో ఫిల్టరంటే చేతికి బరువు తెలిసేది. టెలిఫోన్ల శాఖలో నాది క్యారియర్ రూమ్ ఉద్యోగం. ఒక్కో గొంతుకు 4 కిలోహెర్ట్జ్ చొప్పున 12 గొంతులను 60 నుంచి 108 కిలోహెర్ట్జ్ మధ్య పేర్చి పంపేవాళ్లం. అవతలి ఊళ్లో ఎవరి గొంతు వాళ్లకు విడదీసేది క్రిస్టల్ ఫిల్టరు. అది పాడైతే పక్క గొంతు తలకిందులై, బాతు అరిచినట్టు దొర్లేది. చెవితోనే జబ్బు పట్టేవాళ్లం. గది వేడెక్కితే ఆ సరంజామా పేచీ పెట్టేది. అందుకని దానికి ఏసీ, క్వార్టర్స్‌లో మాకు తాటాకు విసనకర్ర.

ఇప్పుడు మనవడొచ్చి, "తాతయ్యా, ఒక్క ఫైబర్‌లో 80 రంగులు పంపుతాం" అంటాడు. రంగులట! 1550 నానోమీటర్ల దగ్గరి ఆ వెలుగు కంటికే ఆనదు. రంగుకూ రంగుకూ ఎడం 0.4 నానోమీటరు. కావలసినదాన్ని పట్టేది ట్యూనబుల్ ఫిల్టరట. రేడియో ముల్లు తిప్పి 837 దగ్గర విజయవాడను పట్టుకున్నవాళ్లకా ఈ పాఠం?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఈ ఫిల్టరుకు పెట్టె లేదు, గాజుపోగే ఫిల్టరు. 1978లో కెనడాలోని ఒట్టావాలో కెన్ హిల్ బృందం జెర్మేనియం కలిపిన ఫైబర్‌లోకి లేజరు పంపుతుంటే, వెనక్కొచ్చే కాంతి అంతకంతకూ పెరిగిందట. కాంతే గాజులో గీతలు గీసుకుంది! అరమైక్రాను ఎడంతో ఉండే అలాంటి గీతలు ఒక్క రంగునే వెనక్కి కొడతాయి, మిగతావాటిని పోనిస్తాయి. సెంటీమీటరు ముక్కను మూడు నాలుగు మైక్రాన్లు సాగదీస్తే పక్క రంగుకు దూకుతుంది. వీణ తీగ బిగించినట్టే, కాకపోతే తిరగేసి: అక్కడ బిగిస్తే శ్రుతి పెరుగుతుంది, ఇక్కడ సాగితే తరంగం పొడుగవుతుంది.

"మరి నాబ్ ఎక్కడరా?" అన్నాను. "నాబ్ ఏంటి తాతయ్యా, పీజో ముక్కకు వోల్టేజీ ఇస్తే అదే లాగుతుంది" అన్నాడు. ఆ వోల్టేజీ ఇచ్చేవాడు ఎక్కడో వేరే ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడట. వాడు తన ఫిల్టరును ఒక్కసారైనా ముట్టుకుని ఉండడు! వేడి సంగతీ అడిగాను. డిగ్రీకి నానోమీటరులో నూరో వంతు జరుగుతుందట. చూశారా, పేచీ పోలేదు.

మీ ఆఫీసు మూల ఎక్కడైనా పాత క్రిస్టల్ ఫిల్టరు పడి ఉంటే తుక్కు కింద అమ్మేయకండి, నాకు కబురు చేయండి.